హాట్ రాడ్: రోజువారీ బండిగా వాడకం, సంరక్షణ

పాత అమెరికన్ కారును, ముఖ్యంగా 1920ల నుంచి 1940ల దాకా వచ్చిన ఫోర్డును, బరువు తగ్గించి, ఇంజను బలం పెంచి, వేగం కోసం సొంతంగా మార్చుకున్న బండిని హాట్ రాడ్ అంటారు. మడ్‌గార్డులు ఊడదీస్తారు. ఒక్కోసారి బానెట్టు కూడా ఉండదు. టాపు కోసి కురచ చేస్తారు, ముందు ఇరుసును వంచి బండిని నేలకు దించుతారు, కంపెనీ ఇచ్చిన ఇంజను తీసేసి అంతకన్నా పెద్దది ఎక్కిస్తారు. ఇదంతా ఇంటి వెనక షెడ్డులో యజమాని తన చేతులతో, తన దగ్గరున్న డబ్బుతో చేసుకునే పని కాబట్టి ఒక హాట్ రాడ్‌లా మరొకటి ఉండదు.

నేడు ఈ బండ్లలో చాలావరకు ప్రదర్శనల్లోనే కనిపిస్తాయి. ట్రెయిలర్ మీద వచ్చి, మైదానంలో నిలబడి, మళ్లీ ట్రెయిలర్ మీదే ఇంటికి పోతాయి. అయినా ఉద్యోగానికీ, అంగడికీ, పిల్లల బడికీ హాట్ రాడ్‌నే తీసుకెళ్లేవాళ్లు అమెరికాలో, స్వీడన్‌లో, ఆస్ట్రేలియాలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లది వింత సరదా అనుకుంటే పొరపాటు. ఈ బండి పుట్టిందే రోజూ తిరగడానికి.

ఆరు రోజులు పనికి, ఏడో రోజు పందేనికి

హాట్ రాడ్ పుట్టినిల్లు దక్షిణ కాలిఫోర్నియా. 1908 నుంచి 1927 దాకా ఫోర్డ్ కంపెనీ కోటీ యాభై లక్షల మోడల్ టీ కార్లు తయారుచేసింది. ఆ తర్వాత వచ్చిన మోడల్ ఏ కార్లు మరో 48 లక్షల దాకా ఉంటాయి. 1930లు వచ్చేసరికి ఇవి కారుచౌకగా దొరికేవి. లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన మొహావే ఎడారిలో మ్యూరాక్, ఎల్ మిరాజ్, హార్పర్, రోజమండ్ అనే ఎండిపోయిన సరస్సులున్నాయి. నేల గట్టిగా, చదునుగా, మైళ్ల కొద్దీ పరుచుకుని ఉంటుంది. కుర్రవాళ్లు వారమంతా పనికి నడిపిన బండినే సెలవు రోజున అక్కడికి తోలుకెళ్లేవారు. ముందు అద్దం, హెడ్‌లైట్లు, మడ్‌గార్డులు విప్పి పక్కన పెట్టి, పందెం తీసి, మళ్లీ అన్నీ బిగించుకుని అదే బండిలో ఇంటికి చేరేవారు. ఒక్క బండి కొనడమే గగనమైన రోజుల్లో పందేనికొకటి, ప్రయాణానికొకటి అనే మాటే లేదు.

ఈ పందేలకు ఒక పద్ధతి తేవడానికి 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం నుంచి తిరిగొచ్చిన యువకుల చేతుల్లో డబ్బూ ఉంది, యంత్రాల పనితనమూ ఉంది. 1946లో అలెక్స్ జిడియస్ బర్బ్యాంక్‌లో సో-కాల్ స్పీడ్ షాప్ తెరిచాడు. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ 'హాట్ రాడ్' పత్రిక మొదలుపెట్టాడు. అదే ఏడాది జూన్ సంచిక ముఖచిత్రం, క్యామ్‌షాఫ్టుల నిపుణుడు ఎడ్ ఇస్కెండేరియన్ సొంతంగా కట్టుకున్న మోడల్ టీ రోడ్‌స్టర్. 1949లో యూటాలోని బాన్విల్ ఉప్పు మైదానంలో వేగం వారోత్సవం, 1951లో వాలీ పార్క్స్ నాయకత్వంలో జాతీయ హాట్ రాడ్ సంఘం వచ్చాయి.

హాట్ రాడ్‌కు ప్రాణం పోసింది మాత్రం 1932 నాటి ఫోర్డు. సామాన్యుడికి అందే ధరలో ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజను అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు. రోడ్‌స్టర్ ధర 460 డాలర్లు. ఇంజను 221 ఘనపు అంగుళాలు, అంటే 3.6 లీటర్లు, శక్తి 65 హార్స్‌పవర్. వాల్వులు పైన హెడ్డులో కాకుండా పక్కన బ్లాకులోనే ఉండి, హెడ్డు పలకలా ఉంటుంది కాబట్టి దీన్ని ఫ్లాట్‌హెడ్ అన్నారు. చిన్నాపెద్దా మార్పులతో అమెరికాలో 1953 దాకా ఇదే ఇంజను నడిచింది. 1955లో షెవర్లే కొత్త వి-8 తెచ్చింది. 265 ఘనపు అంగుళాలకు 162 హార్స్‌పవర్. తేలిక, బలం, చవక మూడూ కుదిరిన ఆ ఇంజను, దాని తర్వాతి 283, 350 రకాలు కొద్ది కాలంలోనే హాట్ రాడ్‌లలో ఫ్లాట్‌హెడ్ చోటు ఆక్రమించాయి. రోజూ నడిపేవాళ్లలో ఎక్కువమంది ఇప్పటికీ వాటినే ఎంచుకుంటారు.

బాడీల విషయంలో ఫోర్డుకే మొగ్గు. ఆ కాలపు షెవర్లే బాడీల్లో రేకు కింద చెక్క చట్రం ఉండేది. వానకు, ఎండకు చెక్క చివికిపోతే తలుపులు సరిగా పడవు, బాడీ వదులై కిర్రుమంటుంది. ఫోర్డు బాడీల్లో ఉక్కు పాలు ఎక్కువ. తొంభై ఏళ్ల తర్వాత కూడా రోడ్డు కుదుపులకు ఓర్చుకునేవి అవే.

1970లో ఇల్లినాయ్‌లోని పియోరియాలో రోడ్డు మీద నడిపే హాట్ రాడ్‌ల, అంటే స్ట్రీట్ రాడ్‌ల, మొదటి జాతీయ సమ్మేళనం జరిగింది. 1948 లేదా అంతకు ముందు తయారైన బండి అన్నది స్ట్రీట్ రాడ్‌కు అక్కడ స్థిరపడిన కొలత. తర్వాతి దశాబ్దాల్లో రంగులకూ క్రోమ్ పూతలకూ ఖర్చు పెరిగేకొద్దీ బండిని రోడ్డెక్కించడానికే భయపడే రోజులొచ్చాయి. దానికి ఎదురుతిరుగుడుగా 1990ల్లో 'రాట్ రాడ్' ధోరణి బయల్దేరింది. తుప్పు కనిపించినా సరే, బండి నడవాలి అన్నది దాని పంతం. ఆ పేరు చెప్పుకుని ప్రమాదకరమైన వెల్డింగులతో తిరిగిన బండ్లూ ఉన్నాయి గానీ, ఆ పంతంలోని న్యాయాన్ని కాదనలేం. 1995లో మొదలైన పవర్ టూర్ వేలాది బండ్లను ఊరి నుంచి ఊరికి వరసగా నడిపిస్తుంది. 2005లో మొదలైన డ్రాగ్ వీక్ నియమం ఇంకా గట్టిది: ఏ బండితో పందెంలో దిగావో, తర్వాతి ఊరికి అదే బండిలో, వెంట సహాయక వాహనం లేకుండా చేరాలి.

వేడి

హాట్ రాడ్‌ను రోజూ నడపాలనుకున్నవాడికి మొదట ఎదురయ్యేది వేడి. ఖాళీ రోడ్డు మీద గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతుంటే చల్లగా ఉండే ఇంజను, నగరంలో నాలుగు సిగ్నళ్ల దగ్గర ఆగేసరికి ఉడికిపోతుంది. రేడియేటర్‌లోంచి గాలి పారడం ఆగిపోవడమే కారణం.

ఫ్లాట్‌హెడ్‌లో ఈ బాధ పుట్టుకతో వచ్చింది. వాల్వులు బ్లాకు లోపలి వైపు ఉండటం వల్ల, కాలిన పొగ బయటికి రావాలంటే బ్లాకు మధ్యగా, నీళ్లు తిరిగే దారుల పక్కనుంచే రావాలి. నడిమి రెండు సిలిండర్లకు కలిపి ఒకటే పొగ దారి. ఆ పొగ వేడంతా నీళ్లలోకి దిగుతుంది. ఒక్కో వైపుకు ఒక్కో వాటర్ పంపు పెట్టి ఫోర్డ్ కంపెనీ దీన్ని కాచుకుంది. దీనికి తోడు, పోత పోసేటప్పుడు వాడిన ఇసుక, దశాబ్దాల తుప్పు బ్లాకు సందుల్లో పేరుకుని ఉంటాయి. ఎంత పెద్ద రేడియేటర్ బిగించినా ఆ మట్టి ఉన్నంతకాలం ఇంజను చల్లబడదు. ఇంజను విప్పినప్పుడు బ్లాకును మందులో నానబెట్టి, సందుల్లో తీగలు పోనిచ్చి, లోపలి లోహం కనిపించేదాకా కడగడం ఫ్లాట్‌హెడ్ మెకానిక్ చేసే పనుల్లో అన్నిటికన్నా విలువైనదని నా అభిప్రాయం. ఈ పని కళ్లకు కనిపించదు, అందుకే దీన్ని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ.

మిగతా ఉపాయాలు అన్ని ఇంజన్లకూ వర్తిస్తాయి. రేడియేటర్ మూత ఒత్తిడిని పట్టి ఉంచేదైతే లోపలి నీరు ఆలస్యంగా మరుగుతుంది. చదరపు అంగుళానికి ఒక పౌను ఒత్తిడి పెరిగితే మరిగే స్థానం సుమారు ఒకటిన్నర డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. ఫ్యాను చుట్టూ రేకు తొడుగు లేకపోతే అది పక్కనున్న గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. తొడుగు వేస్తే రేడియేటర్ మొత్తం నుంచి గాలి లాగుతుంది. థర్మోస్టాట్ తీసేస్తే ఇంజను చల్లబడుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి థర్మోస్టాట్ లేని ఇంజను చలికాలంలో తగినంత వేడెక్కక ఆయిల్‌లో చెమ్మ మిగిలిపోతుంది. అది సిలిండర్లను, బేరింగులను తినేస్తుంది.

వేడి వల్ల పెట్రోలుకూ ఇబ్బందే. ఫ్లాట్‌హెడ్‌లో పెట్రోలు పంపు ఇంజను మీద, ఇన్‌టేక్ మానిఫోల్డు వెనక కొసన నిలబడి ఉంటుంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో పంపులో, పైపులో పెట్రోలు ఆవిరైపోతే కార్బరేటర్‌కు ధార అందక బండి ఆగిపోతుంది. అమెరికాలో బంకుల్లో దొరికే పెట్రోలులో సాధారణంగా పది శాతం ఇథనాల్ ఉంటుంది కాబట్టి ఈ బెడద పెరిగింది. ఇథనాల్ చెమ్మను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. ట్యాంకు దగ్గర చిన్న ఎలక్ట్రిక్ పంపు పెట్టి, పైపును పొగగొట్టాలకు దూరంగా నడిపించి, కార్బరేటర్ కింద వేడి సోకని మందపాటి దిమ్మ వేసి, రబ్బరు భాగాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి మార్చడమే దీనికి మందు.

ఆగడం

వేగం గురించి హాట్ రాడ్ లోకంలో చెప్పుకున్నంతగా ఆగడం గురించి చెప్పుకోలేదు. ఫోర్డ్ 1938 దాకా మెకానికల్ బ్రేకులే ఇచ్చింది. 1939లో నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. 1939 నుంచి 1948 దాకా వచ్చిన ఆ డ్రమ్ బ్రేకులు పాత ఇరుసులకు పెద్ద మార్పులు లేకుండానే బిగుస్తాయి. అందువల్ల యుద్ధానంతర హాట్ రాడ్‌లలో చాలావాటికి అవే ఆధారమయ్యాయి. అదే కాలపు లింకన్ కార్ల బెండిక్స్ బ్రేకులు ఇంకా మెరుగు. చక్రం తిరిగే బలమే షూను డ్రమ్ముకు మరింత నొక్కేలా వాటిని తయారుచేశారు.

ఈ బ్రేకులన్నిటిలో ఒక లోపం ఉంది. పెడల్ నొక్కినప్పుడు నూనెను తోసే మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది ఉంటుంది. నాలుగు చక్రాలకూ నూనె అక్కడినుంచే పోతుంది. ఏదో ఒక చక్రం దగ్గర పైపు పగిలితే పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి రెండు గదులున్న మాస్టర్ సిలిండర్లు 1960ల చివర అమెరికాలో తప్పనిసరి అయ్యాయి. రోజూ నడిపే హాట్ రాడ్‌కు రెండు గదుల సిలిండర్ ఉండి తీరాలి. ఈ ఒక్క విషయంలో పాతదనం మీద మమకారం పనికిరాదు. దాన్ని సీటు కింద, బండి నేల కింద బిగిస్తారు కాబట్టి ఎవరి కంటా పడదు, అందం చెడదు. నేల కింద బిగించినప్పుడు చక్రాల దగ్గరి నూనె వెనక్కి జారిపోకుండా గొట్టంలో చిన్న వాల్వు పెట్టాలి: డిస్కు బ్రేకులకు రెండు పౌన్లది, డ్రమ్ములకు పది పౌన్లది.

పాత డ్రమ్ బ్రేకు షూలు వాటంతటవి సర్దుకోవు. అరిగేకొద్దీ చేత్తో బిగించాలి. బిగింపు నాలుగు చక్రాలకూ సమానంగా లేకపోతే నొక్కగానే బండి ఒక పక్కకు లాగుతుంది. బ్రేకు నూనె గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మొత్తం తీసి మార్చాలి. లేకపోతే సిలిండర్ల లోపల తుప్పు గుంటలు పడతాయి. షెడ్డులో కదలకుండా పడున్న బండికి ఈ జబ్బు ఇంకా తొందరగా వస్తుంది. సీళ్లు ఎండిపోవడం, కార్బరేటర్‌లో పెట్రోలు జిగురు కట్టడం, బ్యాటరీ దిగిపోవడం కూడా నిలిపి ఉంచిన బండి జబ్బులే. వారానికి కొన్నిసార్లయినా ఇంజను బాగా వేడెక్కేదాకా నడిచే బండికి ఇవి అరుదు.

స్టీరింగు, గేర్లు, కరెంటు

హాట్ రాడ్ ముందు భాగంలో అడ్డంగా పరిచిన ఒకే కమాను, దాని కింద ఒకే గట్టి ఇరుసు ఉంటాయి. చూడటానికి అందమైన కూర్పు. అయితే గుంట తగిలినప్పుడు ముందు చక్రాలు రెండూ అటూ ఇటూ కొట్టుకుని, స్టీరింగు చేతుల్లోంచి జారిపోయేంతగా బండి వణికే ప్రమాదం దీనిలో ఉంది. కింగ్ పిన్నులు, టై రాడ్ ఎండ్లు అరగడం, టైరు బ్యాలెన్సు తప్పడం, ఇరుసు వాలు సరిగా లేకపోవడం దీనికి కారణాలు. ఇరుసును వెనక్కి అయిదు నుంచి ఏడు డిగ్రీలు వాల్చి, చక్రాల ముందు అంచులను అంగుళంలో ఎనిమిదో వంతు లోపలికి తిప్పి ఉంచితే బండి తిన్నగా సాగుతుంది. గ్రీజు గన్ను ఈ బండికి అన్నిటికన్నా ముఖ్యమైన పనిముట్టు. వెయ్యి మైళ్లకోసారి, అంటే 1,600 కిలోమీటర్లకోసారి, ప్రతి గ్రీజు నిపుల్‌లోనూ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది కొట్టాలి.

అసలు గేరు బాక్సులో మూడే గేర్లు. ఫోర్డు వెనక ఇరుసు నిష్పత్తి 3.78 ఉండి, టైరు 28 అంగుళాల ఎత్తు ఉంటే, గంటకు 65 మైళ్ల వేగంలో ఇంజను నిమిషానికి 2,900కు పైగా తిరుగుతుంది. ఆ చప్పుడులో గంటసేపు ప్రయాణిస్తే చెవులు దిబ్బడేస్తాయి. చిన్న షెవర్లే ట్రక్కుల్లోంచి తీసిన అయిదు గేర్ల టీ-5 బాక్సు బిగించి, అయిదో గేరు నిష్పత్తి 0.72 ఉండేది ఎంచుకుంటే అదే వేగంలో తిరుగుడు 2,100కు దిగుతుంది. చప్పుడు, వేడి, పెట్రోలు ఖర్చు మూడూ తగ్గుతాయి. రోజువారీ వాడకానికి ఇంజను బలం పెంచడం కన్నా ఈ మార్పు ఎక్కువ మేలు చేస్తుంది. బలం విషయంలో నిగ్రహమే మంచిది. పందెపు క్యామ్‌షాఫ్టు వేసిన ఇంజను సిగ్నల్ దగ్గర దగ్గుతూ నిలబడుతుంది. స్ట్రామ్‌బర్గ్ 97 కార్బరేటర్లు మూడు వరసగా పెడితే చూడముచ్చటగా ఉంటాయి, మూడింటినీ ఒకే తీరుగా సర్దడం మాత్రం ఓపిక పరీక్ష. ఒకటో రెండో చాలు.

పాత ఫోర్డుల్లో ఆరు ఓల్టుల కరెంటు, అదీ పాజిటివ్ వైపు ఎర్త్. హెడ్‌లైట్లు మసకగా వెలుగుతాయి, వేడి ఇంజనును సెల్ఫ్ తిప్పలేక మూలుగుతుంది. రోజూ నడిపేవాళ్లు పన్నెండు ఓల్టులకు మారి, డైనమో తీసి ఆల్టర్నేటర్ పెడతారు. గుడ్డ తొడుగు వైర్లు తీసేసి, ఫ్యూజులతో కొత్త వైరింగు వేస్తారు. కరెంటు పారని ఫైబర్‌గ్లాస్ బాడీ అయితే ప్రతి లైటుకూ ఎర్త్ వైరు విడిగా లాగాలి. 1930ల ఫోర్డు బండ్లకు ఇండికేటర్లు లేవు. వెనక వచ్చేవాడు ఈ రోజుల్లో చేతి సైగ చూసి అర్థం చేసుకోడు కాబట్టి ఇండికేటర్లు, ప్రకాశవంతమైన బ్రేకు లైట్లు చేర్చడం తప్పదు.

ఆయిల్, టైర్లు, వాన

ఇంజన్ ఆయిల్ ఎంపికలో ఇప్పుడొక చిక్కు వచ్చింది. పాత ఇంజన్లలో క్యామ్ లోబు, ట్యాపెట్ ఒకదాని మీద ఒకటి నేరుగా జారతాయి. ఆ రాపిడిని తట్టుకోవడానికి ఆయిల్‌లో జింకు, ఫాస్ఫరస్ కలిసిన పదార్థం కావాలి. కొత్త కార్ల క్యాటలిటిక్ కన్వర్టర్లు చెడిపోకుండా ఆయిల్ కంపెనీలు దాన్ని తగ్గించేశాయి. కాబట్టి పాత ఇంజన్ల కోసం చేసిన ఆయిల్‌నే వెతికి పోయాలి. ఫ్లాట్‌హెడ్‌కు ఫిల్టర్ ఉన్నా ఆయిల్ అంతా దానిగుండా పోదు, కొంత భాగమే పోతుంది. అందుకని కొత్త కార్ల లెక్క ఇక్కడ కుదరదు, ఆయిల్ తొందరగా మార్చాలి.

బయాస్ టైర్లు పాత రూపానికి సరిపోతాయి గానీ రోడ్డు మీద గాడులు ఎటుంటే అటు లాగుతాయి. రేడియల్ టైరు నిలకడగా పోతుంది. ఏ టైరయినా పక్కనున్న నాలుగంకెల ముద్ర చూడాలి: మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. తక్కువ తిరిగే బండి టైరు గాడి అరగకముందే రబ్బరు ముసలిదై పగులుతుంది.

మడ్‌గార్డులు లేని బండిలో వానను అనుభవించాల్సిందే. ముందు చక్రం ఎగజిమ్మిన నీళ్లు, కంకర నేరుగా డ్రైవరు మీదికి వస్తాయి. పాత వైపర్లు ఇంజను పీల్చే గాలితో పనిచేస్తాయి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆ పీల్పు తగ్గి, ఎత్తు ఎక్కుతున్నప్పుడే వైపరు ఆగిపోతుంది. ఎలక్ట్రిక్ మోటారు పెట్టుకోవడం మేలు. అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టం మడ్‌గార్డులు ఉండాలనే అంటుంది. రోజూ నడిపే అనుభవజ్ఞుల బండ్లకు అవి ఉండటం మామూలే.

ప్రమాదం జరిగితే ఈ బండి కాపాడేది తక్కువని ఒప్పుకుని నడపాలి. ముందు భాగం నలిగి దెబ్బను మింగే ఏర్పాటు లేదు, స్టీరింగు కడ్డీ గుండెకు ఎదురుగా నిలబడి ఉంటుంది. సీటు బెల్టును బాడీ రేకుకు కాకుండా ఛాసిస్‌కు అంటిన గట్టి పట్టీలకు బిగించాలి. ముందు బండికి దూరం పాటించడం అలవాటు కావాలి.

చట్టం

అమెరికాలో చాలా రాష్ట్రాలు పురాతన వాహనాలకు చవకగా ప్రత్యేక నంబరు పలకలిస్తాయి. ఆ పలకలున్న బండిని ప్రదర్శనలకు, ఊరేగింపులకే వాడాలన్న షరతు తరచుగా ఉంటుంది. ఉద్యోగానికి నడిపేవాళ్లు మామూలు పలకో, ఆ రాష్ట్రంలో ఉంటే స్ట్రీట్ రాడ్ పలకో తీసుకోవాలి. పాత కార్ల బీమా కూడా అంతే. ముందే ఒప్పుకున్న విలువను పూర్తిగా చెల్లించే పాలసీలు సాధారణంగా రోజువారీ ప్రయాణాన్ని ఒప్పుకోవు. ఈ సంగతి ముందే తేల్చుకోకపోతే ప్రమాదం తర్వాత బీమా చేతికి రాదు. కాలిఫోర్నియా 1975, అంతకు ముందటి మోడళ్లకు పొగ పరీక్ష మినహాయించింది. ఇంట్లో కట్టుకున్న బండ్లకు మాత్రం ఏడాదికి 500 ప్రత్యేక ధ్రువపత్రాలే ఇస్తుంది.

భారతదేశంలో పరిస్థితి వేరు. ఫోర్డ్ 1926లో ఇక్కడ కంపెనీ పెట్టి మోడల్ ఏ లాంటి కార్లు కూర్చింది, కాబట్టి హాట్ రాడ్‌కు కావలసిన పాత బాడీలు మనకు అపరిచితం కావు. అయితే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు యాభై ఏళ్లు దాటిన బండ్లకు, నంబరులో రాష్ట్ర సంకేతం తర్వాత 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తాయి. కొత్తగా చేయిస్తే 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. దానికి బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు లాంటి పనులకే రోడ్డెక్కించాలి. టాపు కోసి ఇంజను మార్చిన హాట్ రాడ్ ఈ తరగతిలోకి రాదు, మామూలు రిజిస్ట్రేషన్‌కూ నిలవదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పాత ఫోర్డు ఉన్నవాళ్లు దాన్ని చట్టబద్ధంగా రోడ్డు మీదికి తేవాలంటే, కంపెనీ ఇచ్చిన రూపంలో కాపాడుకుని వీఏ నంబరు తీసుకోవడం ఒక దారి. రోజూ ఉద్యోగానికి వెళ్లిరావడానికి ఆ నంబరు కూడా అనుమతించదు.